పెరడున్న ఇల్లా, పెందలాడే ఇంటికి చేరడమా?

ప్రశ్న: పెళ్లై పన్నెండేళ్లయింది. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇన్నాళ్లూ అద్దె ఇళ్లలోనే గడిపి, ఇప్పుడు సొంతిల్లు కొనాలనుకుంటున్నాం. మావారు నగర శివారులో మూడు బెడ్‌రూములు, పెరడు ఉన్న ఇల్లు చూశారు. అక్కడి నుంచి నా ఆఫీసుకు గంటంపావు. అదే డబ్బుకు దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ వస్తుంది, అక్కడి నుంచి 35 నిమిషాలు. ఆయనకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నేను ఐదు రోజులూ వెళ్లాలి. నేను వద్దంటే ‘పిల్లల గురించి ఆలోచించవా?’ అంటున్నారు. వారం నుంచి మా మధ్య సరిగ్గా మాటల్లేవు. ఏజెంటేమో వెంటనే అడ్వాన్స్ ఇవ్వమని తొందరపెడుతున్నాడు. నేను నిజంగానే స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదమ్మా, ఇందులో స్వార్థమేమీ లేదు. ఆ ఇంటి సుఖం నలుగురికీ అందుతుంది, దాని దూరం మాత్రం ఎక్కువగా మీ మీదే పడుతుంది. ఈ మాట మీ ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ పైకి అన్నట్టు లేదు. అందుకే గొడవ గదుల చుట్టూ, పిల్లల చుట్టూ తిరుగుతోంది.

ముందు ఒక లెక్క వేద్దాం. ఒకవైపు 40 నిమిషాల తేడా అంటే రోజుకు 80 నిమిషాలు. ఏడాదికి 230 పనిదినాలు వేసుకున్నా 300 గంటలు దాటుతుంది. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున చూస్తే దాదాపు 38 రోజులు. అంటే ప్రతి ఏడాదీ నెలకు పైగా జీతం లేకుండా అదనంగా పనిచేసినట్టే. ఇది కాగితం మీద రాసి, ఈఎంఐ లెక్క పక్కనే పెట్టి, కోపం లేకుండా ఆయనకు చూపించండి. బ్యాంకుకు కట్టేది ఇద్దరికీ కనిపిస్తోంది. మీరు విడిగా కట్టబోయేది ఆయన కంట పడలేదు, అంతే.

పెద్ద ఇంటికి మనసు తొందరగానే అలవాటుపడుతుంది. ప్రయాణానికి అలా పడదు, ఎందుకంటే అది రోజుకో రకంగా ఉంటుంది. ఇవాళ గంట, వాన పడితే గంటన్నర. ఎప్పుడు చేరతామో తెలియకపోవడమే అసలు టెన్షన్. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. దూరం వెళ్లేవాళ్లకు మంచి ఇల్లో, మంచి జీతమో దక్కి ఆ కష్టం సరిపోవాలి కదా? వాళ్లు చూసినదాంట్లో అలా జరగలేదు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే వచ్చింది.

మీ ఇద్దరికీ పనికొచ్చే ఇంకో విషయం ఉంది. స్వీడన్ పరిశోధకురాలు ఎరికా సాండో 2011లో చెప్పినదాని ప్రకారం, దంపతుల్లో ఒకరు పనికి వెళ్లడానికి 45 నిమిషాలకు మించి ప్రయాణించే జంటలు విడిపోయే అవకాశం మిగతావారికంటే 40 శాతం ఎక్కువ. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ ఇబ్బంది ముఖ్యంగా అలా దూరం వెళ్లడం మొదలుపెట్టిన తొలి కొన్నేళ్లలోనే. మామూలుగా ఒకరు దారిలో ఉంటే ఇంటి భారం రెండోవారి మీద పడుతుంది. మీ ఇంట్లో దారిలో ఉండేదీ మీరే, ఇంటికొచ్చి వంట, హోంవర్క్ చూసేదీ మీరే అయితే పరిస్థితి ఇంకా కష్టం. ఆ పనులు ఇప్పుడు ఎవరు చేస్తున్నారో మీరు రాయలేదు. ఆయన చేస్తున్నారంటే చాలా సంతోషం.

ఇక పిల్లల సంగతి. ఆయన పెరటి గురించి ఆలోచించడంలో ప్రేమ ఉంది, దాన్ని తక్కువ చేయకండి. కానీ ఇల్లు కొనేటప్పుడు చాలామంది పిల్లల ఇప్పటి వయసునే చూస్తారు. లోను పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. పెరట్లో ఆడుకునే వయసు బాబుకు ఇంకో నాలుగైదేళ్లు. పాపకైతే రెండేళ్లలో స్నేహితులు, ట్యూషన్లు, తర్వాత కాలేజీ. అప్పుడు ఆ అమ్మాయికి కావలసింది తనంతట తాను ఎక్కి దిగగల బస్సో రైలో. చీకటి పడ్డాక బస్సు దొరకని చోట ఇల్లు ఉంటే ప్రతిచోటికీ అమ్మో నాన్నో తీసుకెళ్లాలి. సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉండే అమ్మ కూడా పిల్లల గురించిన లెక్కలోకే వస్తుంది. ఆ మాట ధైర్యంగా చెప్పండి.

అలాగని శివారు ఇల్లు కొనొద్దని నేను తీర్పు చెప్పను. ముందు ఆయన్ని ఒకటి అడగండి: ఆ మూడో గది ఎందుకు కావాలి? ఇంట్లో పనిచేసుకోవడానికా, పెద్దవాళ్లు వచ్చి ఉండటానికా, ఇన్నేళ్ల ఇరుకు నుంచి బయటపడాలనా? కారణం తెలిస్తే దారి దొరకవచ్చు. రెండోది, ‘రేపు ఆఫీసువాళ్లు ఐదు రోజులూ రమ్మంటే అప్పుడు కూడా మీకు ఈ ఇల్లే కావాలా?’ అని అడగండి. ఇంటి నుంచి పని అనేది కంపెనీ ఇచ్చిన సౌకర్యం, ఎప్పుడైనా మారిపోవచ్చు.

ఆ ఇంటి నుంచి మీ ఆఫీసుకు ఆయనే వెళ్లి రావాలి. ఇది మాత్రం తప్పించకండి. వారం మధ్యలో, మీరు బయల్దేరే టైముకే, సాయంత్రం తిరుగు ప్రయాణంతో సహా, వీలైతే రెండు మూడు రోజులు. ఏజెంటు ఇల్లు చూపించేది ఆదివారం మధ్యాహ్నం, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా లెక్క కట్టాలి: స్టేషన్‌కు నడక, పార్కింగ్, బండి కోసం ఎదురుచూపు అన్నీ. త్వరలో మెట్రో వస్తుంది, రోడ్డు వెడల్పు చేస్తారు అనే మాటలకు డబ్బు పెట్టకండి. ఈ రోజు నడుస్తున్నదాన్నే నమ్మండి.

ఈ రెండిళ్ల మధ్యే ఎందుకు కొట్టుకుంటున్నారో కూడా ఒకసారి ఆలోచించండి. మీ ఆఫీసు వైపు వెళ్లే రైలో బస్సో ఏ దారిలో వెళ్తుందో చూసి, గుమ్మం నుంచి సీటు దాకా 45 నిమిషాల్లోపు ఉండే ప్రాంతాలు ఇద్దరూ కలిసి వెతకండి. రెండున్నర గదులు, చిన్న బాల్కనీ, పక్కనే పార్కు ఉన్న మధ్యస్థమైన చోటు దొరకవచ్చు. శివారే ఖాయమైతే కొనేముందు అక్కడ ఆరు నెలలు అద్దెకు ఉండి చూడండి. అద్దె ఎలాగూ కడుతున్నారు. పిల్లల బడి మార్చాల్సి వస్తుందనుకుంటే సెలవుల్లో రెండు నెలలైనా ఉండండి. ఆ తర్వాత కూడా ఇద్దరికీ నచ్చితే, పొద్దున పిల్లల్ని తయారు చేయడం, రాత్రి వంట ఆయనవని ముందే మాట్లాడుకోండి.

మాటల్లేని ఈ వారాన్ని ఇంకా పొడిగించకండి. పిల్లలు పడుకున్నాక, ఏ ఇల్లు అన్నది పక్కనపెట్టి, ‘మనింట్లో మామూలు మంగళవారం ఎలా ఉండాలనుకుంటున్నారు?’ అని మీరే మొదలుపెట్టండి. ఆయన చెప్పేది పూర్తిగా విన్నాక మీ మంగళవారం చెప్పండి. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇంకెవరో కొనేస్తున్నారని ఏజెంటు అంటే, కొననివ్వండి. ఏజెంటుకు మీ ఇద్దరూ కలిసి ఫోన్ చేసి, నెల తర్వాత చెబుతామనండి.