దొరికిన రాయికి చిరునామా ఉందా?

రాళ్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ప్రాణహిత ఒడ్డున పల్లె. చేను చదును చేయిస్తుంటే జేసీబీ పంటికి మోచేయంత పొడుగు రాయి తగిలింది. చూస్తే బొక్క లెక్కనే ఉంది. విరిగిన చోట లోపలంతా సన్న సన్న రంధ్రాలు. ఇంకా రెండు ముక్కలు మట్టిలోనే ఉన్నయి. ఒక వ్యాపారి వచ్చి ఇరవై వేలిస్త, ఎవ్వరికీ చెప్పొద్దంటున్నడు. అమ్మాల్నా, ఇంట్ల పెట్టుకోవాల్నా, మ్యూజియానికి ఇయ్యాల్నా?
— ఒక రైతు, మంచిర్యాల జిల్లా

జవాబు: ముందు ఆ జేసీబీని అక్కడ ఆపించండి. మిగతా రెండు ముక్కలు తియ్యకండి. అమ్మడమా, ఇవ్వడమా అన్నది వారం ఆగినా కొంపలు మునగవు. ఈ తవ్వకం ఒక గంట సాగితే మాత్రం పోయింది తిరిగి రాదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, మీరున్న చోటు మామూలు చోటు కాదు. మీ పక్కనే యామన్‌పల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అందరూ జీఎస్‌ఐ అనే సంస్థ, తవ్వి తీసిన ఎముకలే ఇవాళ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉన్న డైనోసార్. దానికి 1988లో పెట్టిన పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఊరి పేరు ప్రపంచమంతా ఎక్కిందన్న మాట. అక్కడ ఒకే చోట దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవని లెక్క తేలింది. ఇదే ప్రాణహిత-గోదావరి లోయలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్విన బారపాసారస్ టాగోరై అనే డైనోసార్ కూడా ఇలాగే గుంపుగా దొరికిందే. కాబట్టి మీ చేన్లో ఒక ముక్క దొరికిందంటే పక్కన ఇంకేమున్నాయో చూడాల్సిందే.

అది నిజంగా ఎముకేనా? మీ వైపు రాయిగా మారిన కట్టె కూడా బాగానే దొరుకుతుంది, పొరపడటం తేలిక. విరిగిన ముఖాన్ని కడగకుండా మెత్తటి కుంచెతో దులిపి, 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడండి. ఎముకైతే అంచున గట్టి పెంకులాంటి పొర, లోపల స్పాంజిలా గజిబిజి రంధ్రాలు ఉంటాయి. కట్టెయితే పీచులు పొడుగునా ఒకే వైపు సాగుతాయి, అడ్డంగా విరిగిన చోట వలయాలు కనిపించవచ్చు. లోపలా బయటా ఒకే తీరుగా ముద్దలా ఉంటే అది సున్నపు గడ్డ. ఆ గడ్డలు తొడ ఎముకలా, గుడ్డులా, తాబేలులా ఏ ఆకారానికైనా వస్తాయి. 2020లో తమిళనాడు పెరంబలూరులో డైనోసార్ గుడ్లని ఊరంతా గోల చేసినవి చివరికి అమ్మోనైట్లనే పాతకాలపు సముద్రజీవుల గుల్లల చుట్టూ పేరుకున్న రాతిగడ్డలని తేలింది. నాలుకకు అంటుకుంటే ఎముకే అంటారు కొందరు. ఎండిన బంకమట్టి కూడా అంటుకుంటుంది, ఆ పరీక్షను నమ్ముకోవద్దు.

ఇక అసలు పని. రాయికి విలువ దాని చిరునామాలో ఉంది. ఏ చేను, ఎంత లోతు, ఏ రంగు పొర అన్నది తెలియకపోతే ఎంత గొప్ప ఎముకైనా శాస్త్రజ్ఞుడికి పేపర్ వెయిటే. అందుకని ఇవాళే ఇవి చెయ్యండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, మ్యాప్‌లో చూపే అక్షాంశ రేఖాంశాల అంకెలను కాగితం మీద రాసుకోండి. గుంతను దూరం నుంచి ఒకటి, రెండడుగుల నుంచి ఒకటి, ఆనించి ఒకటి ఫొటో తీయండి. దగ్గరి ఫొటోలో పక్కనొక పది రూపాయల బిళ్ల పెట్టండి. అది 27 మిల్లీమీటర్లు, కొలత దానంతటదే వచ్చేస్తుంది. ఉత్తరం ఎటో ఒక పుల్లతో చూపండి. నేల పైనుంచి ముక్క దాకా లోతును టేపుతో కొలవండి. ముక్కను అంటుకుని ఉన్న మట్టి పావుకిలో ప్లాస్టిక్ సంచిలో కట్టి తేదీ వేయండి. మట్టిలో ఉన్న ముక్కల మీద తడి గోనెసంచి కప్పి, పైన మట్టి వేసి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. ఎండ నేరుగా తగిలితే తేమ ఒక్కసారిగా పోయి, ఎముక పొట్టు లేచి పొడి అవుతుంది.

ఇంటికి తెచ్చిన ముక్కను నీళ్లలో ముంచొద్దు, ఇనుప బ్రష్‌తో గీకొద్దు, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోయొద్దు. ఫెవికాల్, ఎం-సీల్, ఫెవిక్విక్, వార్నిష్ వీటి జోలికి అసలే పోవద్దు. ఫెవికాల్ పైపైన గట్టి చర్మంలా బిగుసుకుని, కొన్నేళ్లకు ముడుచుకుంటూ ఎముక పొరను ఊడదీసుకుని వస్తుంది. ఎం-సీల్ ఒకసారి పడితే ఇక దాన్ని తియ్యడం ఎవరి తరమూ కాదు. విరిగిన ముక్కలను విడివిడిగా పాత నూలు గుడ్డలో చుట్టి, ఒక అట్టపెట్టెలో నీడన పెట్టండి, చాలు. ముక్కలు మళ్లీ అతికేది విరిగిన అంచులను బట్టే. ఆ అంచులను ఒకదానికొకటి రుద్ది చూడొద్దు.

అమ్మకం సంగతి. రాయిగా మారిన పాతకాలపు జీవుల అవశేషాలను ఫాసిల్స్ అంటారు. మన దేశంలో వాటి కోసమే చేసిన కేంద్ర చట్టం ఇప్పటిదాకా లేదు. 1972 నాటి పురావస్తు చట్టం విగ్రహాలు, నాణేలు, రాతప్రతుల వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. భూమి చరిత్ర చెప్పే రాళ్లు, ఫాసిల్స్ ఉన్న చోట్ల (భూవారసత్వ స్థలాల) మీద కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. ఇది చూసి 'అయితే అమ్ముకోవచ్చు' అనుకోకండి. మీ చేను అడవి అంచున ఉంటే ముందు సర్వే నంబరు, హద్దులు చూసుకోండి. అడవిలోంచి తెచ్చిన రాయి కూడా అటవీ చట్టం లెక్కలో అటవీ ఉత్పత్తే. మీ వైపు ప్రాణహిత వన్యప్రాణి అభయారణ్యం కూడా ఉంది, అందులో నుంచి వచ్చిందంటే ఇంకా కఠినం. పట్టా భూమి అయినా సరే, రాత్రిపూట తవ్వుతున్నారని ఎవరో ఒకరు చెప్పారంటే గుప్తనిధుల కేసుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో రాసి తహసీల్దారుకు ఒక కాగితం ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. మీకు అదే రక్ష.

ఆ వ్యాపారి 'ఎవ్వరికీ చెప్పొద్దు' అన్నాడంటేనే అర్థం చేసుకోండి. వాడికి చిరునామా అక్కర్లేదు, పైగా చిరునామా లేకపోతేనే వాడికి సుఖం. కొన్నదాన్ని ముక్కలు కోసి మెరుగుపెట్టి అలంకరణ రాయిగా అమ్మినా వాడిని అడిగేవాళ్లుండరు. రేపు గొడవైతే మాత్రం చేను మీది, పేరు మీది.

మా మాట ఇచ్చేయమనే. హైదరాబాద్ బండ్లగూడలో జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికైనా రాయొచ్చు. ముక్క కట్టె అని తేలితే లక్నోలోని బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్ దాని సంగతి చూసే చోటు. ముక్కను పార్సిల్ చేయకండి. నాలుగు ఫొటోలు, కొలతలు, అంకెలు పంపి, మనిషిని పంపమని అడగండి. జవాబు ఆలస్యమైతే నెలకోసారి గుర్తు చేస్తూ మళ్లీ రాయండి.

ఇచ్చేటప్పుడు ఉత్త చేతులతో రావద్దు. ముక్కల సంఖ్య, కొలతలు, దొరికిన చోటు, తేదీ, మీ పేరు రాసిన రసీదు తీసుకోండి. రిజిస్టరులో ఎక్కాక ఆ నమోదు సంఖ్య అడిగి రాయించుకోండి. రేపు మీ మనవడు వెళ్లి 'మా తాత ఇచ్చింది చూపించండి' అంటే, ఆ సంఖ్య లేనిదే అల్మారాల్లో ఎవరూ వెతకలేరు. అద్దాల పెట్టెలో ఎప్పటికీ పెట్టాలని షరతు పెడితే ఏ మ్యూజియమూ ఒప్పుకోదు, ఎక్కువ భాగం గోదాములోనే ఉంటాయి. 'దొరికినవారు ఫలానా' అని రాయాలనే షరతు మాత్రం న్యాయమైనది, పట్టుబట్టండి. డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు కూడా వస్తువుగా ఇచ్చిన దానానికి రాదు. ఇరవై వేలు వదులుకోమనడం మాకు తేలికే, మీకు కాదని తెలుసు. అయినా ఇదే చెబుతాం.

ప్రశ్న: ఫ్లోరిడాలో పీస్ రివర్‌లో జల్లెడ పడుతుంటే నాకు రెండు కిలోల పైన బరువున్న పన్ను దొరికింది. మామత్ పన్ను అంటున్నారు. నా పేరున ఫాసిల్ పర్మిట్ ఉంది. మా బాబు ఉంచుకుందామంటాడు, స్నేహితులు అమ్మేయమంటున్నారు, మా ఆవిడ మ్యూజియానికి ఇద్దామంటుంది.
— టాంపా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముగ్గురిలో ఎవరి మాట నెగ్గాలన్నా ముందు నెగ్గాల్సింది పర్మిట్ షరతు. ఆ నది అడుగు రాష్ట్రానిది. సొరచేప పళ్లకు పర్మిట్ అక్కర్లేదు గానీ, వెన్నెముక ఉన్న మిగతా జంతువుల ఫాసిల్స్ దొరికితే ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి తెలపాలి. ఫొటో, తేదీ, దొరికిన చోటు రాసి పంపండి. తెలిపిన 60 రోజుల్లోగా వాళ్లు అడగకపోతే అది మీది. అప్పటిదాకా అమ్మే మాట ఎత్తకండి.

పన్ను నమిలే ముఖం బట్టలుతికే పలకలా అడ్డగీతలతో చదునుగా ఉంటే అది మామత్‌ది, అంటే ఏనుగుకు దగ్గరి చుట్టమైన పాతకాలపు జంతువుది. గుబ్బలు గుబ్బలుగా లేచి ఉంటే ఏనుగులాంటిదే మరో పాత జంతువు, మాస్టడాన్‌ది.

ఈ 60 రోజుల్లో పన్నును కాపాడుకోవడమే మీకు అసలు పని. మామత్ పన్నంటే నిలువు పలకలను పక్కపక్కన పేర్చి మధ్యలో సిమెంటు పోసినట్టు ఉంటుంది. ఏసీ గదిలో బల్ల మీద పెట్టారంటే నీరు పైనుంచి ముందు పోయి, పలకలు పుస్తకంలా విచ్చుకుంటాయి. మంచినీళ్లలో మూడు నాలుగు రోజులు ఉంచండి, రోజూ నీళ్లు మార్చండి. తర్వాత తడి తువ్వాలులో చుట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మూతను రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం జరుపుతూ నెల రోజులు ఆరనివ్వండి. రోజు విడిచి రోజు తూకం వేయండి. వారం పాటు బరువు మారకపోతే లోపల కూడా ఆరినట్టు.

అప్పుడు పారలాయిడ్ బీ-72 పూయండి. ఇది అసిటోన్‌లో కరిగే, ఫాసిల్‌ను గట్టిపరిచే ప్లాస్టిక్ జిగురు. 100 మిల్లీలీటర్ల అసిటోన్‌కు 5 గ్రాముల గుళికలు. గుళికలను పల్చటి గుడ్డలో మూటగట్టి గాజు సీసాలో వేలాడదీస్తే రాత్రికి రాత్రే కరుగుతాయి. అడుగున పోస్తే జిగురు ముద్దై అతుక్కుంటాయి. కుంచెతో పల్చగా, ఒక పూత ఆరాక ఇంకోటి. పూత తెల్లగా పాలిపోయిందంటే లోపల ఇంకా తేమ ఉందన్న మాట. అసిటోన్‌తో తుడిచి ఇంకో రెండు వారాలు ఆగండి. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి. అవసరమైతే అసిటోన్‌తోనే మళ్లీ కరిగించి తీయగలగడం దీని గొప్ప.

ఇక ముగ్గురి పంచాయితీ. న్యూయార్క్ వేలాల్లో డైనోసార్లు, టీ-రెక్స్ 'స్టాన్' 2020లో 3.18 కోట్ల డాలర్లకు, స్టెగోసారస్ 'అపెక్స్' 2024లో 4.46 కోట్ల డాలర్లకు పోయాయని చదివి మీ స్నేహితులు ఊరిస్తున్నట్టున్నారు. అవి దాదాపు పూర్తి అస్థిపంజరాలు. ఫ్లోరిడా నదుల్లో మామత్ పళ్లు దొరకని వస్తువులేం కాదు. మ్యూజియం 60 రోజుల్లో అడగలేదంటే శాస్త్రానికి అది అత్యవసరం కాదనే అర్థం. అప్పుడు మా ఓటు మీ బాబుకే. కాకపోతే పన్ను మీద ఒక మూల బియ్యపుగింజంత చోట బీ-72 పూసి, ఆరాక నల్ల ఇంకుతో సన్నగా ఒక నంబరు వేసి, పైన మరో పూత వేయమనండి. అదే నంబరు కింద నది, దగ్గరి వంతెన, తేదీ, పర్మిట్ నంబరు నోటుపుస్తకంలో. చీటీ అయితే ఇల్లు మారినప్పుడు ఎగిరిపోతుంది, నంబరు ఎగరదు.

ఆదాయపు పన్ను మినహాయింపు కోసం మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే, మీ పన్ను లెక్కలు చూసే సీపీఏని అడగండి. ఇచ్చినదాని విలువ 5,000 డాలర్లు దాటితే, ధర కట్టే అర్హత ఉన్న మదింపుదారు నివేదిక, 8283 అనే పన్ను ఫారం కావాలి. మ్యూజియాన్ని ధర కట్టమని అడగకండి. దానం పుచ్చుకునేవాళ్లు ధర చెప్పరు.

ప్రశ్న: తాతగారి నాటి సాలగ్రామం ఒకటి మా దేవుడి గదిలో ఉంది. అది ఫాసిల్ అని మా అమ్మాయి అంటోంది. మ్యూజియానికి ఇవ్వాలా? ఒకాయన మంచి ధర ఇస్తానంటున్నాడు.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. నేపాల్లో కాళీగండకి నది మోసుకొచ్చే ఆ నల్లరాళ్లలో కనిపించే చక్రాలు చాలామట్టుకు అమ్మోనైట్లనే సముద్రజీవుల గుల్లల అచ్చులు, జురాసిక్ కాలానివి. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. అయితే నదిలో దొర్లుతూ వచ్చిన రాయికి ఏ పొరలోదో చెప్పే చిరునామా ఉండదు కాబట్టి మ్యూజియానికి దానితో పెద్ద పనుండదు. సాలగ్రామాన్ని వెలకట్టి అమ్మకూడదని పెద్దల మాట ఎలాగూ ఉంది. దేవుడి గదిలోనే ఉండనివ్వండి.

చక్రం లోపల ఇత్తడి మెరుపు ఉంటే అది పైరైట్, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. రోజూ అభిషేకం చేసి తడిగానే మూతపెట్టేస్తే కొన్నాళ్లకు తెల్లటి, పసుప్పచ్చటి పొడి రాలుతుంది, గంధకం వాసన వేస్తుంది, చివరికి రాయే పగులుతుంది. పాలతో, పెరుగుతో చేసినా మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో ఒత్తి, గాలికి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి. పెరుగులో పులుపు సున్నపు భాగాలను తింటుంది.

మీ ఊరి దగ్గరే కాతేరు, పంగిడి వైపు నల్లరాతి పొరల మధ్య గుల్లల ఫాసిల్స్ ఉన్నాయి. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే క్వారీ వాళ్ల అనుమతితో, పెద్దవాళ్లు తోడుండగా ఒకసారి చూపించండి.

ప్రశ్న: ఇంటికి నాపరాళ్లు దింపించుకుంటే ఒకదాని మీద చెట్టుకొమ్మ అచ్చుపడి ఉంది. ఇది అరుదైన ఫాసిలా? ఎంత పలుకుతుంది?
— నంద్యాల నుంచి

జవాబు: ఫొటో చూశాం. అది మొక్క కాదు, మాంగనీసు. రాతి పొరల మధ్య సందులోకి నీటితో పాటు చేరిన ఖనిజం కొమ్మలు కొమ్మలుగా పేరుకుంది. దీన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దంతో చూడండి: ఆకులకు ఈనెలు లేవు, కాడ లేదు, కొమ్మలన్నీ రాయి అంచు నుంచో పగులు నుంచో మొదలవుతున్నాయి. మ్యూజియం దీన్ని తీసుకోదు, కొనేవాళ్లూ పెద్దగా రారు. నేలకు వేస్తే అరిగిపోతుంది. మేస్త్రీకి చెప్పి ఆ పలకను పక్కన పెట్టించి, వరండా గోడకు బిగించుకోండి.