యూత్ పిల్లలతో "నేనెవరు?" అన్న మాట ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖలో మీ సంఘంవాళ్లు 15 నుంచి 19 ఏళ్ల పిల్లలకి "నేనెవరు" అన్న అంశం మీద నాలుగు శనివారాలు క్లాసు తీసుకోమన్నారు, అందులో విశ్వాసం గురించి కూడా రావాలన్నారు, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

ప్రసంగంతో మాత్రం వద్దు. "మీ గుర్తింపు క్రీస్తులోనే" అని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తే పిల్లలు ఆమెన్ అంటారు, ఇక నోరు విప్పరు. పెద్దలకి ఏ జవాబు కావాలో తెలిసిపోయాక మనసులోది ఎవరు చెప్తారు? ఆ మాట నేనూ నమ్ముతాను. అందుకే దాన్ని అంత చౌకగా చెప్పించకండి.

పేరు దగ్గర మొదలుపెట్టండి. మన దగ్గర చాలామంది పిల్లలకి సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. దీని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికి తప్ప ఎస్సీ హోదా వర్తించదు, ఆ హోదా పోకూడదని సర్టిఫికెట్‌లో పాత పేరే ఉంచేస్తారు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద 1 శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. పదో క్లాసు పిల్లకి ఈ సంగతి ఇంట్లో గుసగుసలుగా వినబడుతూనే ఉంటుంది. చర్చిలో ఎవరూ ఎత్తరు. మోయాల్సిన భారం మాత్రం ఆ పిల్లదే, నాకు బాధ కలిగించేది ఇదే. మీరు ఎవరి సర్టిఫికెట్‌లో ఏముందని అడగొద్దు, తీర్పూ చెప్పొద్దు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తెరవండి చాలు.

ముందు ఏడు వచనాలే చదివించి ఆపండి. నలుగురు యూదా కుర్రాళ్లని బబులోనుకి పట్టుకుపోయారు, మూడేళ్లు అక్కడి భాష, విద్య నేర్పాలని పెట్టారు, పేర్లు మార్చారు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు, హనన్యా షద్రకు, మిషాయేలు మేషాకు, అజర్యా అబేద్నెగో. ఇప్పుడు తలా ఒక ఏ4 కాగితం ఇచ్చి నిలువునా మూడు మడతలు వేయించండి. ఒక భాగంలో "నాకు పుట్టుకతో వచ్చినవి", రెండోదాంట్లో "ఇతరులు నా మీద పెట్టినవి", మూడోదాంట్లో "నేను ఎంచుకున్నవి". పది నిమిషాలు రాయనివ్వండి. ఆ పది నిమిషాలూ వెనక నుంచి కీబోర్డు సంగీతం మోగకూడదు. కాగితాలు తీసుకోబోమని ముందే చెప్పండి, నిజంగానే తీసుకోకండి. "మీకు ఏది ముఖ్యమో వరసగా రాయండి" అని అడిగితే అందరూ యేసు ప్రభువునే మొదట రాస్తారు, ఎందుకంటే మీరు చూస్తున్నారు. వరస బదులు గీతలు గీయమనండి, ఏది దేని మీద ప్రభావం చూపుతోందో.

తర్వాత 8 నుంచి 16 వరకు. కొత్త పేరుకి, భాషకి, చదువుకి అడ్డు చెప్పని దానియేలు రాజు భోజనం దగ్గర ఆగిపోయాడు, శాకధాన్యాలతో, నీళ్లతో పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. "పేరు దగ్గర ఆగనివాడు తిండి దగ్గర ఎందుకు ఆగాడు?" అని అడిగి ఊరుకోండి. ఒక నిమిషం నిశ్శబ్దం పెద్దలకే కష్టం, వెంటనే జవాబు చెప్పేస్తారు. మీరు చెప్పకండి. కాసేపటికి ఎవరో ఒకరు, మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి నుంచి ఫ్రెండ్ తెచ్చిన ప్రసాదం తినొచ్చా అని అడుగుతారు. ఇంకొకరు కాలేజీలో బొట్టు సంగతి ఎత్తుతారు. క్లాసు అసలు మొదలయ్యేది అక్కడే. అవును, కాదు అనెయ్యకుండా విగ్రహాలకి అర్పించిన తిండి గురించి చెప్పే మొదటి కొరింథీయులు 8, 10 అధ్యాయాలు ఇచ్చి వాళ్లనే వాదించుకోనివ్వండి. సమయం అయిపోతే వచ్చే శనివారానికి వాయిదా వేయండి.

మూడో శనివారం గదిలో వద్దు, పొద్దున్నే ఓల్డ్ టౌన్‌లో రాస్ హిల్ ఎక్కించండి. పక్కపక్కనే మూడు కొండలు, మీద మేరీమాత చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. "మీది విదేశీ మతం" అన్న మాట కాలేజీలో విన్న పిల్లలకి అక్కడ ఒక విషయం చెప్పండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ ఊరికే వచ్చారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో సువార్తల తెలుగు అనువాదం ఇక్కడే సాగింది. ఆ తర్వాత ఇంటికి పని ఇవ్వండి: మన ఇంట్లోకి ఈ విశ్వాసం ఎవరి ద్వారా వచ్చింది, వాళ్లు ఎక్కడివాళ్లు, ఏం పని చేసేవాళ్లు అని నాన్నమ్మనో అమ్మమ్మనో అడిగి రావాలి. పోర్టులో కూలికి వచ్చినవాళ్లు, జాలరిపేటవాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీకి భూమి పోయి ఆర్ కార్డు (నిర్వాసితులకిచ్చే పునరావాస కార్డు) పట్టుకు తిరిగినవాళ్లు, అందరూ బయటికొస్తారు. ఆవిడ పాడే పాట కూడా ఒకటి నేర్చుకుని రమ్మనండి. ట్రాక్ పెట్టుకుని పాడే పాటలు తప్ప ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవని యూత్ మీటింగులు ఎక్కువైపోయాయి. అందులో ఎన్నో పాటలు రాసిన పాతతరం కవి పురుషోత్తమ చౌధరి కీర్తన ఒక్కటైనా రాకుండా పిల్లలు పెరగడం మన నిర్లక్ష్యమే.

పన్నెండు మందికి మించి కూర్చోబెట్టకండి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒకరు స్త్రీ అయితే మంచిది. వేరే మతం స్నేహితులు వస్తే వాళ్ల అమ్మానాన్నలకి తెలిసే రావాలి, ఆ నాలుగు వారాల్లో ఎవరినీ ముందుకి పిలిచి క్రీస్తుని నమ్ముకుంటానని తీర్మానం చేయించకూడదు. పాస్టరు అయ్యగారితో ఈ మాట ముందే మాట్లాడి పెట్టుకోండి, లేకపోతే చివరి రోజు మైకు అందుకుంటారు.

ఇంట్లో దెబ్బల గురించో, బతకాలని లేదనో ఎవరైనా చెప్తే ప్రార్థన చేసి పంపేయకండి. విన్నది రహస్యంగా ఉంచుతానని మాట కూడా ఇవ్వొద్దు. ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా పక్కనే కూర్చుని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ కలపండి, పద్దెనిమిది నిండనివాళ్లు ఇంట్లో హింసలో ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి.