బుల్లి అలెన్ కీ సైజు పట్టుకోవడం

ఒరేయ్ చిన్నోడా,

ఆంప్లిఫయర్ నాబ్‌ని పట్టుకునే ఆ బుల్లి స్క్రూలో 1.5 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ) పెడితే గిర్రున తిరిగిపోతోందని, 2 అసలు దూరడం లేదని రాశావు. ముందు ఆ తిప్పడం ఆపు. ఇంకో నాలుగుసార్లు తిప్పావంటే గుంట మూలలు అరిగి గుండ్రమైపోతాయి, అప్పుడు సరైన కీ తెచ్చినా పట్టదు.

నాకైతే అది మిల్లీమీటర్ల స్క్రూ కాదు, అంగుళాల లెక్కదనిపిస్తోంది. 1/16 అంగుళం అంటే దాదాపు 1.59 మి.మీ., తేడా కంటికి ఆనదు గానీ అంత చిన్న గుంటలో కీ జారడానికి అది చాలు. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి: 0.050 అంగుళం 1.27 అవుతుంది, దాని పక్కనే 1.3 కీ, ఇంకా కిందకెళ్తే 0.035 పక్కన 0.9, 0.028 పక్కన 0.7. ఒక్క 5/64 మాత్రం 1.98 కాబట్టి 2 కీతో నేను చాలాసార్లు పని కానిచ్చేశాను.

గుంటని ఎలా కొలవాలంటావా? సన్న డ్రిల్ బిట్లుంటే వాటి నున్నటి వైపు ఒక్కొక్కటే పెట్టి చూడు, దూరినవాటిలో అన్నిటికన్నా లావుది ఎంతో కీ కూడా సుమారుగా అంతే. దానికి ముందు సూదితో లోపలి మురికి గీకేసి, టార్చి వేసి చూడు, ఒక్కోసారి అది ఆరు పలకల గుంట కాదు, నక్షత్రం గుంట అయి ఉంటుంది. స్క్రూ లావు చూసి మాత్రం కీ కొనకు. తల లేని ఎం3 (అంటే 3 మి.మీ. లావు) గ్రబ్ స్క్రూకి 1.5 పడుతుంది, అదే ఎం3 గుండ్రటి నిలువు తలతో ఉంటే 2.5.

ఇంకోటి, నీ కీ కొన కూడా ఓసారి చూసుకో. నేను ఓ సాయంత్రమంతా స్క్రూని తిట్టుకున్నాక తెలిసింది, అరిగింది నా కీ అని! కొనని 2 మి.మీ. మేర సానరాయి మీద అడ్డంగా అరగదీస్తే మళ్లీ కొత్త మూలలొస్తాయి. గోళీలా ఉండే కొనతో బిగుసుకున్న స్క్రూ విప్పబోకు, బుల్లి సైజుల్లో అది పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది.

సరైన కీ పెట్టినా కదలకపోతే స్క్రూకి జిగురు పట్టించి ఉంటారు, సోల్డరింగ్ ఐరన్ కొన దానిమీద కాసేపు ఆనిస్తే మెత్తబడుతుంది. నాబ్ ప్లాస్టిక్‌దైతే మాత్రం ఆ పని చెయ్యకు, ముందు నాకు రాయి.

మావయ్య