మిద్దె మీద అరుదైన టమాటాలు: పూత నిండుగా ఉంది, పిందె ఏది?

ప్రశ్న: చెరొకీ పర్పుల్, బ్రాండీవైన్ టమాటాలకు జనవరిలో నారు పోశాను. మొక్కలు ఐదడుగులు పెరిగాయి. మార్చి చివరి నుంచి గుత్తులు గుత్తులుగా పూస్తున్నాయి, ఒక్క పిందె నిలవడం లేదు. ఏ ఎరువు వేయమంటారు? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఏ ఎరువూ వేయకండి, యూరియా అసలే వద్దు. ఆకు పెరుగుతుంది తప్ప కాయ రాదు. మీ మొక్కకు తిండి తక్కువ కాలేదు, వేడి ఎక్కువైంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 23, 24కు దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పైగా మిద్దె శ్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది.

ఉదయం తొమ్మిది గంటలకు విచ్చిన పూవు కింద నల్ల కాగితం పట్టి వేలితో తట్టండి. పసుపు పొడి రాలితే పుప్పొడి ఉన్నట్టే. పొడి రాలకుండా, కేసరాల గొట్టంలోంచి సన్నటి ఆకుపచ్చ మొన బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది వేడి దెబ్బ. అలాంటి పూవుకు కాడ మధ్యలోని కణుపు పసుపు పచ్చబడి, రెండు రోజుల్లో అక్కడికే తెగి రాలుతుంది.

ఈ ఏడాది ఈ మొక్కల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి పెద్దకాయ రకాలకు అసలు మందు విత్తే తేదీని మార్చడమే. ఆగస్టు చివర్లో నారు పోయండి, వాన తగలని చోట ఉంచండి. 25–30 రోజుల నారు నాటితే నవంబరు చల్లని రాత్రుల్లో పూత వస్తుంది. చెరొకీ పర్పుల్ నాటాక సుమారు 80 రోజులకు పండుతుంది, బ్రాండీవైన్ ఇంకో పది రోజులు తీసుకుంటుంది. కోస్తాలో రాత్రులు ఆలస్యంగా చల్లబడతాయి కాబట్టి అక్కడివారు సెప్టెంబరు రెండో వారంలో విత్తడం మేలు.

మార్చిలోనూ కాయలు కావాలంటే బ్లాక్ చెర్రీ, ఎల్లో పియర్ వంటి చిన్నకాయ రకాలు నయం. పెద్దవాటిలో ఆర్కన్సా ట్రావెలర్ వేడికి కొంత ఓర్చుకుంటుంది. ఫిబ్రవరి మధ్య నుంచి 50 శాతం షేడ్‌నెట్ (ఎండను సగం ఆపే నీడ వల) కట్టండి. నల్ల గ్రో బ్యాగులకు గోనె పట్టా చుట్టి, కింద ఇటుకలు పెట్టండి.

ప్రశ్న: కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోతోంది. కోడిగుడ్డు పెంకులు వేసినా తగ్గలేదు. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. కాల్షియం నీటితోపాటే నడుస్తుంది. ఒకరోజు ఎండబెట్టి, మరునాడు ముంచేస్తే ఉన్నది కూడా కాయ కొసకు చేరదు. పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు. కనీసం 40 లీటర్ల బ్యాగు వాడండి, మట్టి మీద రెండంగుళాల వరిగడ్డి పరవండి, కాపు మీదున్న మొక్కకు ఎండను బట్టి రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు ఉదయం, సాయంత్రం పంచి పోయాలి. కోకోపీట్‌ను (కొబ్బరి పొట్టును) మట్టిలో కలిపేముందు మూడుసార్లు కడగండి, అందులోని ఉప్పు కాల్షియాన్ని అందనివ్వదు. పదిరోజులకోసారి లీటరుకు మూడు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి మొక్క మొదలు దగ్గర పోయవచ్చు. నల్లబడిన కాయలు మాత్రం బాగుపడవు, తెంపేయండి.

ప్రశ్న: పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో నిలువునా వాడిపోయింది. నీళ్లు పోసినా లేవలేదు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మొదలు దగ్గర కాండం కోసి, కోసిన వైపు గాజు గ్లాసు నీళ్లలో కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలపోగుల్లాంటి తెల్లటి దారాలు దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేయండి, ఆ మట్టిలో వంగ, మిరప కూడా వేయొద్దు. చెరొకీ పర్పుల్ లాంటి పాత రకాల్లో ఎక్కువవాటికి దీన్ని తట్టుకునే శక్తి లేదు. అందుకే ఉస్తికాయ మొక్క మీద అంటు కట్టడం మంచి దారి. ఉస్తి గింజ మెల్లగా మొలుస్తుంది కనుక టమాటాకన్నా మూడు నాలుగు వారాల ముందే విత్తుకోవాలి.

ప్రశ్న: విత్తనం మళ్లీ కొనకుండా దాచుకోవచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తప్పకుండా. పూవు విచ్చకముందే గుత్తికి పల్చటి బట్ట సంచి కట్టి, పిందె పడ్డాక తీసి, ఆ కాడకు ఎర్రదారం ముడి వేయండి. బాగా మగ్గిన పండు గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, పైన తెట్టు కట్టాక గింజలు కడిగి, పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి.