సూట్‌కేసులో వట్టివేరు దుబ్బు తేబాకండి

కొత్తగా హ్యూస్టన్ వచ్చిన మన కావలి పిల్లోడొకడు మొన్న ఫోన్ చేసి, అన్నా జూన్లో అమ్మ వస్తా ఉంది, వట్టివేరు దుబ్బు ఒకటి మట్టితో సహా చుట్టుకొని రమ్మంటే సరిపోద్దా అన్నాడు. తేబాకండి అబ్బయ్యా. అమెరికాలోకి మట్టిని అసలు రానివ్వరు, నాటే మొక్కకైతే కనీసం అక్కడే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి పురుగూ తెగులూ లేదని సర్కారోళ్లు ఇచ్చే కాగితం) తీసుకోవాల, చెప్పకుండా తెచ్చి దొరికితే ఫైను, పాపం పెద్దామె ఎయిర్‌పోర్టులో ఆ ఆఫీసర్ ముందర నిలబడి గడ్డి గురించి ఏం చెప్పుకుంటది.

సరే, ఇండియన్ స్టోర్లో ఎండు వేళ్ల కట్ట దొరుకుద్ది కదా, అదే నాటేద్దాం అంటారేమో. నేనూ కొత్తల్లో ఆ పనే చేసి నెల రోజులు నీళ్లు పోశా, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుద్ది. ఎండిన వేరు మొలవదు, పిలక కావాల, కింద కాస్త వేరు పైన కాస్త ఆకు ఉండేది. ఆన్‌లైన్లో వెటివర్ స్లిప్స్ అని అమ్మేది అదే, ఆ వెటివర్ అనే మాట కూడా మన పక్కన అరవం నుంచి పోయిందే. కొనేటప్పుడు సన్‌షైన్ రకమేనా అని అడగండి. దానికి మొలిచే గింజ రాదు, వేరు పక్కకి పాకదు, నిట్టనిలువున దిగుద్ది, కాబట్టి పక్కింటోళ్ల లాన్లోకి పోతుందనే భయం లేదు. ఎత్తు మాత్రం మనిషంత పెరుగుద్ది, ఇంటి ముందర వేస్తే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్లోళ్ల సంఘం, నుంచి లెటర్ వస్తది (నాకొచ్చింది), గమ్మున పెరట్లో వేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. నీడకీ చలికీ తప్ప ఈ గడ్డి దేనికీ చావదు, నీళ్లు నిలిచినా ఎండగట్టినా తట్టుకుంటది. పెంచడం కష్టం కాదు, వేరు బయటికి తియ్యడమే కష్టం. ఇక్కడి నల్ల బంకమట్టిని గంబో అంటారు, మొదటిసారి నేలలోనే నాటి ఏడాదిన్నర ఆగి తవ్వితే నడుం విరిగింది గానీ వేళ్లన్నీ లోపలే తెగిపోయి చేతికి గుప్పెడొచ్చాయి. అప్పటి నుంచి లోతైన గుడ్డ గ్రో బ్యాగులో, రెండొంతులు ఇసుక, ఒక వంతు కంపోస్టు, మన పెన్న ఇసుక లాగా చెయ్యి పెడితే జారిపోవాల. మంచు భయం పోయాక మార్చి ఆఖర్లో, ఆకు జానెడు ఉంచి వేరు రెండంగుళాలకి కత్తిరించి నాటండి. రెండు మూడు నెలలు తడి ఆరనివ్వబాకండి, తర్వాత మర్చిపోయినా పర్లేదు. ఎండ ఎంత ఉంటే అంత మంచిది, రోహిణి కార్తె ఎండ లాంటిదన్నా దానికి పండగే. మధ్యలో ఒకసారి ఆకుని అడుగెత్తుకి కోస్తే పిలకలు బాగా వేస్తది.

చలికాలం ఆకు ఎండిపోతే చచ్చిందని పీకెయ్యబాకండి, వేరు గడ్డకట్టకపోతే మళ్లీ లేస్తది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టిన ఫ్రీజ్‌లో నేను బ్యాగులు బయటే వదిలేశా, మూడూ పోయాయి, నేలలో ఆకులు కప్పి ఉన్న దుబ్బు మాత్రం బతికింది. న్యూజెర్సీ, చికాగో వాళ్లు నవంబర్ రాకముందే బ్యాగుని గరాజ్‌లోకి లాగెయ్యాల్సిందే.

పదిహేను నుంచి పద్దెనిమిది నెలలకి బ్యాగుని బ్లేడుతో కోసి, హోస్‌తో ఇసుక కడిగేసి, వేళ్లు కోసి నీడలో ఆరబెట్టండి. పైన మిగిలిన మొదళ్లని విడదీసి మళ్లీ నాటుకోవచ్చు. మా నాయనమ్మ కాడ వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి మధ్యాహ్నం చెంబుతో నీళ్లు చల్లేవాళ్లు, వడగాలి దాంట్లోంచి వచ్చేసరికి చల్లబడి, తొలకరి పడినట్టు వాసనొచ్చేది. ఇక్కడ ఏసీ ఉందిగా, తడిక ఎవరు కడతారు. నాలుగు వేళ్లు బాగా కడిగి కుండలో వేసి రాత్రంతా ఉంచి పొద్దున ఆ నీళ్లు తాగుతా, అంతే. మా అమ్మాయికి మాత్రం అది మట్టి వాసనంట, ఏం చేస్తాం.

మార్చి ఆఖర్లో దుబ్బు విడదీస్తా, కావాల్సినోళ్లు బకెట్ తీసుకొని రండి, పోస్టులో పంపమని మాత్రం అడగబాకండి.