పాలిష్ తీసేది, వ్యాక్స్ వేసేది

(విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు కార్లకు రంగులు వేసిన పెయింటరు, ఈసారి పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నారు.)

ప్రశ్న: మాది మల్కాపురం. ఐదేళ్ల కిందట తెల్ల కారు కొన్నాం. బానెట్ మీద, పైకప్పు మీద ఆవగింజలో సగం కూడా లేని నారింజ రంగు చుక్కలు వందల్లో వచ్చాయి. షాంపూతో కడిగినా పోవడం లేదు. చేత్తో తడిమితే గరగరలాడుతోంది. మావారు కాంపౌండ్ డబ్బా కొనుక్కొచ్చి రుద్దబోతే ఆపాను. కారుకు తుప్పు పట్టిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో చేసుకునే దారి ఉంటే చెప్పండి.
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఆపి మంచి పని చేశారమ్మా. అది మీ కారు రేకుకు పట్టిన తుప్పు కాదు. బయటి నుంచి వచ్చి పడిన ఇనుప రజను. రైలు చక్రాలు పట్టాల్ని ఒరుసుకున్నప్పుడు, బ్రేకులు పడినప్పుడు, ఎక్కడైనా గ్రైండర్ తిరిగినప్పుడు కంటికి కనబడనంత సన్నటి ఇనుప రేణువులు లేస్తాయి. పోర్టు, రైలు పట్టాలు, వర్క్‌షాపులు అన్నీ మీ వైపే ఉన్నాయి. ఆ రజను రంగు పైపొరలో దిగబడుతుంది. మన ఊళ్లో దానికి సముద్రపు ఉప్పు గాలి, రాత్రి తేమ తోడవుతాయి. రేణువు తుప్పు పట్టి, ఉబ్బి, చుట్టూ నారింజ మరక వదులుతుంది. నల్ల కార్ల మీద కూడా ఇది ఉంటుంది, కాకపోతే కంటికి ఆనదు.

కాంపౌండ్‌తో రుద్దితే ఏమయ్యేదో చెబుతాను. దిగబడిన ఇనుప ముక్క ఊడి, బట్ట కింద ఇరుక్కుని, బానెట్ పొడవునా గీతలు గీసేది. పైగా కాంపౌండ్ అంటే గరుకు రకం పాలిష్, అందులో ఉండేదే సన్నటి గరుకు పొడి. కారు రంగు మీద క్లియర్ కోట్ అని రంగులేని పొర ఉంటుంది. దాని మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుకలో దాదాపు సగం. ఎండను ఆపేది, మెరుపునిచ్చేది ఆ పొరే. పాలిష్ కొట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. పోయింది మళ్లీ రాదు. వ్యాక్స్ అలా కాదు, అది పైన ఒక పూత వేస్తుంది. పాలిష్ తీసేది, వ్యాక్స్ వేసేది. ఈ రెండూ ఒకటే అనుకుని నెలనెలా పాలిష్ కొట్టించి క్లియర్ కోట్ పోగొట్టుకున్న కార్లు మా షెడ్డుకు ఎన్నో వచ్చాయి.

పనిలో చేరిన కొత్తలో నేనే ఒక మెరూన్ కారు బానెట్ అంచు మీద పాలిష్ పట్టే బఫింగ్ మిషను ఒక్క నిమిషం ఎక్కువసేపు ఆనించాను. అంచుల దగ్గర పొర పల్చగా ఉంటుంది. చూస్తుండగానే రంగు కింద వేసే ప్రైమర్ పూత బూడిద రంగులో బయటపడింది. బానెట్ మొత్తం మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి అంచులకు మాస్కింగ్ టేపు వేయకుండా మిషను ముట్టుకోలేదు. మీరు చేత్తో చేసినా టేపు వేయండి.

ఇక మీ పని. ఎండ ఎక్కకముందే, నీడలో మొదలుపెట్టండి. రేకు చేతికి చల్లగా తగలాలి. ముందు ఏ బట్టా తాకించకుండా పైపుతో ధారాళంగా నీళ్లు కొట్టండి, పైకప్పు నుంచి కిందికి. మన ఊరి దుమ్ములో ఇసుక, బొగ్గు పొడి కలిసి ఉంటాయి, అవి నీళ్లతోనే పోవాలి. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. కారు మీద పడిన ఇసుకను, ఆకుల్ని చాలామంది పొడి బట్టతో తుడిచేశారు. తర్వాత నెలంతా మా షెడ్డుకు వచ్చినవి ఆ గీతల కార్లే. నీళ్లు లేకపోతే దుమ్మును అలాగే ఉండనివ్వండి, ఏమీ కాదు.

తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ బట్టను షాంపూలో ముంచి ఒక డోరు తుడిచాక, మంచినీళ్ల బకెట్లో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. గిన్నెల సబ్బు, బట్టల పొడి వద్దు, ఉన్న కాస్త వ్యాక్స్‌నూ కడిగేస్తాయి. చక్రాలకు వేరే బట్ట వాడండి, ఆ బట్ట మళ్లీ బానెట్ మీదికి రాకూడదు.

కడిగాక ఐరన్ రిమూవర్ అనే స్ప్రే కొట్టండి. కారు సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు మూడు నిమిషాల్లో ప్రతి చుక్క దగ్గరా ఊదా రంగు కారుతుంది. కంగారు పడకండి, మందు ఇనుముతో కలిసిందని దానర్థం. వాసన మాత్రం కుళ్లిన గుడ్డులా ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని గాలి ఆడే చోట చేయండి. అది ఆరకముందే బాగా కడిగేయాలి. చుక్కలు మిగిలితే ఇంకోసారి కొట్టవచ్చు.

ఇప్పుడు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్ మీద నెమ్మదిగా రాయండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరు లోంచి తెలుస్తుంది. ఇంకా గరగరలాడితే క్లే బార్ వాడాలి. మెత్తటి బంకమట్టి ముద్దలా ఉంటుంది. షాంపూ నీళ్లు బాగా చల్లి, బరువు వేయకుండా, నిలువుగా, అడ్డంగా జార్చండి. మురికి కనబడగానే మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. కింద పడితే ఇక ఆ ముక్క పారేయడమే, నేల మీది ఇసుక దానికి అంటుకుంటుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

నున్నగా అయ్యాక, ఆరిన కారును వెలుతురులో చూడండి. మీది తెల్ల కారు, ఐదేళ్లే అయింది. నా మటుకు పాలిష్ అక్కర్లేదనే అంటాను. నేరుగా వ్యాక్స్ వేయండి. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనంతో చేస్తారు. మెరుపు చాలా బాగుంటుంది కానీ మన ఎండకు నెలా రెండు నెలలకు మించి నిలవదు. సింథటిక్ సీలెంట్ అని వ్యాక్స్ లాగే పైన వేసే కృత్రిమ పూత ఉంది, అది ఇంకొంత ఎక్కువ కాలం ఉంటుంది. రోజూ బయటే ఆగే కారుకు నేను సీలెంటే చెబుతాను. ఏది వేసినా పల్చగా, ఒక్కో భాగానికీ విడిగా వేయండి. వేలితో గీస్తే పొడిగా తేలిపోతున్నప్పుడు శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడవండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనీయకండి, తెల్ల మరకలు పడతాయి. తర్వాత వాన చినుకులు ముత్యాల్లా నిలబడుతున్నంత కాలం పూత ఉన్నట్టే. నీళ్లు చాపలా పరుచుకుంటే మళ్లీ వేసే వేళయింది.

ప్రశ్న: బంపరుకు దెబ్బ తగిలి పోయిన వారం రంగు వేయించాను. వెంటనే వ్యాక్స్ వేస్తే రంగు గట్టిగా ఉంటుందా?
– ఒక యువకుడు, పెందుర్తి

జవాబు: వద్దు తమ్ముడూ. షెడ్డులో వేసిన రంగు పైకి ఆరినట్టున్నా లోపల థిన్నర్ (రంగును పల్చబరచడానికి కలిపే ద్రవం) ఆవిరి ఇంకా బయటికి పోతూ ఉంటుంది. దాని మీద వ్యాక్స్ వేస్తే దారి మూసుకుని రంగు మెత్తబడవచ్చు, మెరుపు తగ్గవచ్చు. కనీసం నెల, వీలైతే రెండు నెలలు ఆగు. రంగు వేసినవాళ్లను ఒక మాట అడుగు, వాళ్లు ఏ రంగు వాడారో వాళ్లకే తెలుసు. ఈలోగా మంచినీళ్లతో కడుక్కోవచ్చు. కాకిరెట్ట పడితే మాత్రం ఆ రోజే తడి బట్టతో నానబెట్టి తీసెయ్యి. అందులోని ఆమ్లం కొత్త రంగును ఎండలో త్వరగా తినేస్తుంది.

ప్రశ్న: మా ఫ్లాటు లాసన్స్ బే కాలనీలో, బీచ్‌కు దగ్గర. కారు ఆరుబయటే పెడతాం. ఉప్పు గాలికని కవరు కప్పాం. ఇప్పుడు డోర్ల మీద పొగ పట్టినట్టయి మెరుపు పోయింది. కవరు మంచిది కాదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: కవరు తప్పు కాదండీ, దాని కింద మిగిలిన ఇసుకది తప్పు. సముద్రపు గాలికి కవరు రాత్రంతా కొట్టుకుంటూ ఉంటుంది. లోపల దుమ్ము ఉంటే అది ఉప్పుకాగితంలా రుద్దుతుంది. కడిగి, ఆరబెట్టిన కారు మీదే కప్పండి, తాళ్లు బిగించండి. అది రోజూ కుదరకపోతే కవరు తీసేసి, వారానికోసారి కడగడమే మేలు. మీ డోర్లకు మాత్రం పాలిష్ అవసరమే. గరుకు కాంపౌండ్ కాకుండా సన్నరకం పాలిష్ తీసుకోండి. ముందు ఒక అడుగు జాగాలో చేత్తో చేసి చూడండి. పొగ పోతేనే మిగతా చోట్ల చేసి, ఆ రోజే సీలెంట్ వేసేయండి. బోరు నీళ్లతో కడుగుతుంటే ఆరకముందే తుడవండి, లేకపోతే సున్నపు చుక్కలు పడతాయి. పడినవాటికి తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి నిమిషం సేపు అద్ది కడిగేస్తే చాలావరకు పోతాయి. బండి అడుగున కూడా పైపు పెట్టి నీళ్లు కొట్టండి, అక్కడి ఉప్పుకు ఏ వ్యాక్సూ అడ్డం పడదు.