కార్పొరేటర్‌కి చెప్పాం, పని కాలేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వార్డు పనుల గురించే. నగరపాలక సంస్థల్లో ఫైలు నడిచే తీరు తెలిసినవారు జవాబులు రాశారు. ఆంధ్రప్రదేశ్ నగరాలను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

ప్రశ్న: మా వీధికి సైడు కాలువ లేదు. వాన పడితే నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. ఏడాదిగా కార్పొరేటర్ గారికి చెబుతున్నాం. ‘చేయిద్దాం’ అంటారు, పని మొదలవదు. అసలు ఆయన చేతిలో ఏముంది?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఖర్చుపెట్టే అధికారం ఆయన చేతిలో లేదు. మన కార్పొరేషన్లను నడిపించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. కార్పొరేటర్ చెక్కు రాయలేరు, ఇంజినీరుకు నేరుగా ఉత్తర్వు ఇవ్వలేరు. ఫైలు పుట్టించడం, అది ఆగినచోట ఎందుకు ఆగిందో అడగడం, కౌన్సిల్లో అధికారుల చేత సమాధానం చెప్పించడం మాత్రం ఆయన చేయగలరు. ఈ మూడూ చిన్న పనులు కావు.

కాలువ పని నడిచే దారి ఇది. వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీ (వీధి సౌకర్యాలు చూసే ఉద్యోగి), ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసుకుంటారు. ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) తయారై, పై ఇంజినీర్లయిన డీఈ, ఈఈల మీదుగా వెళ్లి సాంకేతిక మంజూరు పొందుతుంది. మొత్తాన్ని బట్టి కమిషనర్, కొందరు కార్పొరేటర్లుండే స్టాండింగ్ కమిటీ లేదా కౌన్సిల్ పరిపాలనా ఆమోదం ఇస్తుంది. ఆ తర్వాత టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. ‘కాలువ కావాలి’ అని నోటిమాటగా చెబితే ఇందులో మొదటి మెట్టు కూడా కదలదు.

అర్జీలో మూడు వివరాలు రాయండి: ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, సుమారు ఎన్ని మీటర్లు, నీళ్లు చివరికి ఏ పెద్ద కాలువలో కలవాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. ఫైళ్లు ఎక్కువగా ఆగేది అక్కడే. కలవాల్సిన కాలువ అడుగు మీ వీధి కంటే ఎత్తులో ఉంటే, కొత్త కాలువ కట్టినా నీళ్లు వెనక్కి తన్నుతాయి. అప్పుడు ముందు ఆ పెద్ద కాలువ పూడిక తీయాలి, లేదా దారి మార్చాలి. కాలువ రావలసిన చోట ఇళ్ల మెట్లు, ర్యాంపులు ఉండటం రెండో అడ్డంకి. పాత బిల్లులు అందని కాంట్రాక్టర్లు టెండరు వేయకపోవడం మూడోది. ఇది బయటికి ఎవరూ చెప్పరు.

కాబట్టి ఈసారి ‘ఎప్పుడు చేయిస్తారు’ అని అడగకండి. ‘ఎస్టిమేట్ వేశారా, నంబరెంత, ఇప్పుడు ఏ సెక్షన్లో ఉంది’ అని అడగండి. నంబరు దొరికితే ఏ ఆఫీసులోనైనా మీరే వెతుక్కోవచ్చు. నంబరు లేదంటే ఫైలే లేదని అర్థం. అలాంటప్పుడు సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు నకలు కార్పొరేటర్ గారికి ఇవ్వండి. కౌన్సిల్లో లేవనెత్తడానికి ఆయనకు ఆ రసీదు కావాలి.

ప్రశ్న: పొద్దున కుళాయి తిప్పగానే మురుగు వాసన వస్తోంది. కాసేపటికి మామూలవుతుంది. కార్పొరేటర్ గారు రెండుసార్లు ట్యాంకరు పంపారు. శాశ్వతంగా పోయే దారి లేదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉంది. ముందు ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం ఆపండి. ఎవరికైనా విరేచనాలు మొదలైతే వార్డు హెల్త్ సెక్రటరీకి అదే రోజు చెప్పండి.

మొదట్లో వాసన వచ్చి తర్వాత పోతోందంటే లోపం సాధారణంగా మెయిన్ పైపులో ఉండదు. మెయిన్ నుంచి ఇంటికి వచ్చే సర్వీసు పైపులో ఉంటుంది. చాలా వీధుల్లో ఈ ఇనుప పైపులు సైడు కాలువ లోపలి నుంచే వస్తాయి. ఏళ్ల తరబడి మురుగులో నాని తుప్పు పట్టి చిల్లులు పడతాయి. సరఫరా ఉన్నంతసేపు లోపలి ఒత్తిడికి నీళ్లు బయటికి కారుతాయి. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోయి మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు కుళాయిలో ముందు వచ్చేది అదే. ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పీల్పు ఇంకా పెరుగుతుంది, పక్కింటికి కూడా ముప్పే.

ఏయే ఇళ్లకు వాసన వస్తోందో, ఏ ఇంటి దగ్గర ఎక్కువో ఒక కాగితం మీద వరసగా రాయండి. వరస దొరికితే తవ్వాల్సిన చోటు దొరికినట్టే. ఏఈ వచ్చినప్పుడు కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయమనండి. చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎగువ ఇంట్లో రంగు వచ్చి మీ ఇంట్లో రాకపోతే, ఆ రెండిళ్ల మధ్యే మురుగు కలుస్తోందని అనుమానించాలి. సూక్ష్మజీవుల పరీక్షకు నమూనాను ల్యాబ్ సిబ్బందే శుద్ధి చేసిన సీసాలో తీసుకోవాలి. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో పట్టి పంపితే ఆ ఫలితం దేనికీ పనికిరాదు.

ఇక మీ కార్పొరేటర్ చేయాల్సిన అసలు పని. సర్వీసు పైపు మార్చే ఖర్చు సాధారణంగా ఇంటి యజమానిదే. ఒక్కరు మార్చి పక్కవారు మార్చకపోతే లాభం సగమే. వీధి మొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టి, అందరి పైపులూ ఒకేసారి కాలువలోంచి పైకి తీసి కొత్తవి వేసేలా ఒప్పించడం, రోడ్డు తవ్వే అనుమతి అందరికీ కలిపి ఒకేసారి ఇప్పించడం, భరించలేని ఇళ్ల సంగతి కమిషనర్ ముందు పెట్టడం ఏ అధికారీ చేయడు. వార్డులో గడప గడపా తెలిసిన మనిషే చేయగలడు. ట్యాంకరు పంపినందుకు కృతజ్ఞత చెప్పండి, ఈ సమావేశం పెట్టమని గట్టిగా అడగండి.

ప్రశ్న: ఆధార్‌లో చిరునామా మార్పుకు కార్పొరేటర్ గారి లెటర్‌హెడ్ మీద లేఖ తీసుకెళ్తే సెంటర్లో తిప్పి పంపారు. ఆయన సంతకం చెల్లదా?
– అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగి, గుంటూరు

జవాబు: సంతకం చెల్లుతుంది, కాగితం చెల్లదు. ఆధార్ సంస్థ ఇందుకోసం ఒక నిర్ణీత ధ్రువపత్రం ఇచ్చింది. ఆ నమూనాలోనే నింపాలి. ధ్రువీకరించే అర్హత ఉన్నవారిలో ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలతో పాటు మున్సిపల్ కౌన్సిలర్ కూడా ఉన్నారు. మీ ఫొటో అతికించాక సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. తేదీ తప్పనిసరి, ఎందుకంటే అది మూడు నెలలే చెల్లుతుంది. కొట్టివేతలుంటే కొత్త ఫారం తీసుకోండి. పేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఖాళీ ఫారం మీద ముందే సంతకం చేసి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలాంటిది తీసుకోకండి. వివరాలు ఆయన ముందే నింపించండి.

ప్రశ్న: వీధి దీపాలు వెలగడం లేదని ఎన్నిసార్లు చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: స్తంభం నంబరుతో చెబితే ఒకసారి చాలవచ్చు. ఒక్క దీపమే ఆరితే దీపంలో లోపం. వరసగా అన్నీ ఆరితే స్విచ్ బాక్సులోనో, వైరులోనో లోపం. లైన్‌మన్ తెచ్చుకునే సామాను వేరు కాబట్టి ఈ తేడా ముందే చెప్పండి. స్తంభం ఉండి దీపమే లేదంటే అది మరమ్మతు కాదు, కొత్త పని. దానికి అర్జీ వేరుగా ఇవ్వాలి.

ప్రశ్న: మ్యాన్‌హోల్ పొంగితే కార్పొరేటర్ గారే దగ్గరుండి మనిషిని దింపించి తీయించారు. మెచ్చుకోవాల్సిందేనా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: కాదు. అది ప్రాణం తీసే పని. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. లోపల పేరుకున్న వాయువుకు వాసన తెలియకముందే మనిషి స్పృహ తప్పుతాడు, కాపాడటానికి దిగినవారూ అంతే. వెంటనే తీయాలని వీధివాళ్లు ఒత్తిడి చేస్తే, నీటి ఒత్తిడితో పూడిక తీసే జెట్టింగ్ యంత్రం వచ్చేదాకా ఆగుదామని నచ్చచెప్పాల్సింది కార్పొరేటరే. మురుగు సమస్యలకు 14420 నంబరుంది. మళ్లీ అలా దింపుతుంటే అక్కడే ఆపండి.

ప్రశ్న: మా వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. వేసేటప్పుడు మేం ఏం చూడాలి?
– కాలనీ సంఘం సభ్యులు, తిరుపతి

జవాబు: వేయకముందే చూడాల్సింది ఎక్కువ. తాగునీటి, డ్రైనేజీ కనెక్షన్లు రావాల్సిన ఇళ్లన్నిటికీ ముందే ఇప్పించుకోండి. లేకపోతే కొత్త రోడ్డును కోయక తప్పదు, కోసినచోటే మొదట పాడవుతుంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే వేస్తే వీధి ఎత్తు పెరిగి వాననీళ్లు ఇళ్లలోకి వస్తాయి. తవ్వడం ఎస్టిమేట్లో ఉందో లేదో కార్పొరేటర్ గారిని అడిగి తెలుసుకోండి.

వేసే రోజున మందం కొలవండి. పక్కన మట్టి కప్పేశాక అంచు కనిపించదు. పోయడానికి సులువని కాంక్రీటులో అదనంగా నీళ్లు కలపనివ్వకండి, బలం అక్కడే పోతుంది. తర్వాత కనీసం 14 రోజులు గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఎక్కువ రోడ్లు చెడేది ఇక్కడే. నాలుగు, అయిదు మీటర్లకొక అడ్డగీత కోయకపోతే రోడ్డు తనకు నచ్చినచోట పగులుతుంది. లోపం కనిపిస్తే బిల్లు కాకముందే రాసివ్వండి. ఎస్టిమేట్, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రశ్న: పాలకవర్గం గడువు ముగిస్తే కార్పొరేటర్ పనులు ఎవరు చూస్తారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: రాజ్యాంగం ప్రకారం గడువు అయిదేళ్లే, అంతకుమించి పొడిగించడం కుదరదు. ఎన్నిక జరిగేదాకా కౌన్సిల్, స్టాండింగ్ కమిటీల అధికారాలు ప్రత్యేకాధికారి చూస్తారు. అర్జీలు ఆయన పేరున రాయండి. మాజీ కార్పొరేటర్ వెంట వచ్చి మాట్లాడవచ్చు, కానీ ధ్రువపత్రం మీద ఆయన సంతకం చెల్లదు. ఆధార్ పనికి గెజిటెడ్ అధికారి దగ్గరికో, తహసీల్దార్ దగ్గరికో వెళ్లండి.